ఉడతకు బస్సు ఆపిన ఓనరమ్మ

పోయిన నెలలో ఒక సాయంత్రం సిస్టరు ఫోన్ చేసింది. మేము తిరుపతిలో అద్దెకున్న రోజుల్లో మా పక్క పోర్షన్‌లో ఉండి, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన అమ్మాయి. పెళ్ళయ్యాక సూళ్లూరుపేట వెళ్ళిపోయింది.

"సార్, మన ఓనరమ్మ పోయిందంట. నిద్రలోనే. నాకూ ఇప్పుడే తెలిసింది."

"అయ్యో," అన్నాను. తర్వాత ఆ అమ్మాయే అడిగింది.

"వినంగానే మీకు మొదట ఏం గుర్తొచ్చింది సార్?"

"చీకటి," అన్నాను.

అటువైపు నుంచి నవ్వు వినిపించింది. "నాకూ అదే సార్!"

చావుకబురు చెప్పుకుంటూ నవ్వుతారా అని ఎవరైనా అనుకోవచ్చు. ఆవిడ ఇంట్లో ఒక్క వానాకాలం అద్దెకున్నవాళ్ళెవరూ అలా అనుకోరు.

వాన వెలిసిన రోజు పొద్దుగూకే వేళకు పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. రెక్కలొచ్చిన సంబరంలో అవి నేరుగా దగ్గర్లో ఉన్న లైటు మీదికి పోతాయి. ట్యూబులైటుకు కొట్టుకుని, రెక్కలు రాల్చుకుని, తెల్లారేసరికి గుమ్మం ముందు చీపురు పాలవుతాయి. అలాంటప్పుడు లోకమంతా కిటికీలు మూసుకుంటుంది. మా ఓనరమ్మ మెయిన్ స్విచ్ కట్టేసేది. కింద తన ఇంటికీ, పైన మా రెండు పోర్షన్లకీ, నీళ్ళ మోటారుకీ కలిపి ఉన్నది అదొక్కటే మెయిన్. తడుముకుంటూ మెట్లు దిగి చూస్తే, ఎవరైనా వచ్చి మళ్ళీ వేస్తారేమోనని దానికి వీపు ఆనించి, కాపలా పోలీసులాగా నిలబడి ఉండేది.

"అమ్మా, పరీక్ష పేపర్లు దిద్దుకోవాల," అన్నాను మొదటిసారి. నేనప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి.

"రవంతసేపు గమ్మునుండు సార్. ఈ పొద్దే రెక్కలొచ్చినాయి వాటికి. ఈ పొద్దే సావాల్నా?"

"ఎదురింట్లో లైటు వెలగతా ఉండాది కదమ్మా. ఈడ కట్టేస్తే అవన్నీ ఆడికి పోతాయి."

లెక్కల మాస్టారి తెలివి చూపించానని నేననుకున్నాను. ఆవిడ ఎదురింటి వైపు ఒకసారి చూసి, గేటు తీసుకుని రోడ్డు దాటి పోయింది. కాసేపటికి ఎదురిల్లు చీకటైంది. ఇంకాసేపటికి దాని పక్కిల్లు కూడా. చివరికి వీధిలైటు ఒక్కటి మిగిలింది. దాన్నేమీ చేయలేక, దాని కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తూ పురుగుల్ని తిట్టడం మొదలుపెట్టింది.

"అది సూర్యుడు కాదే! బల్బు! బల్బే అది!"

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. చీరకొంగు ఎప్పుడూ నడుముకు బిగించి, దానికి తాళాల గుత్తి దోపి ఉండేది. ఎవరి మీద కోపం వచ్చినా అరచేత్తో తన నుదురే కొట్టుకునేది. మనుషుల మీద ఆవిడకు కోపం అంతగా వచ్చేది కాదు. తొండల మీద, ఉడతల మీద, వంద కాళ్ళతో పాకే రోకటిబండల మీద వచ్చేది. రోకటిబండ బండి చక్రం కింద పడబోతూ, పారిపోకుండా, చుట్ట చుట్టుకుని కూర్చుంటే అది తనకు జరిగిన అవమానంలా బాధపడేది.

"పురుగులంటే ఓనరమ్మకు ఎంత ప్రేమో!" అని మా ఆవిడ ఒకసారి మెచ్చుకుంది. ఆ మాట ఓనరమ్మకు నచ్చలేదు.

"ప్రేమా? నాకెందుకు ప్రేమ? ఒళ్ళు మండతాది నాకు," అంది.

ప్రతి ఆదివారం ఆవిడ ఇంట్లో కోడి ఉడికేది. మసాలా వాసన మా వంటింటి దాకా వచ్చేది. సిస్టరు ఊరుకోక అదీ అడిగేసింది.

"ఉసిళ్ళకోసం మమ్మల్ని చీకట్లో పెడతారు. కోడినేమో తింటారు. అదెట్లమ్మా?"

"తినేదానికి కోస్తే దానికొక లెక్క ఉండాది పాపా. తిన్నోళ్ళకు కడుపు నిండతాది. ఊరికే పిచ్చితనంతో సస్తే ఎవురికి లాభం?"

చెబుతూనే ఓనరమ్మ గిన్నెడు కూర సిస్టరు చేతిలో పెట్టింది. సిస్టరు దాన్ని తీసుకుని పైకి వచ్చేసింది.

మా వీధిలో ఒక నల్లకుక్క ఉండేది. తిరుగుతున్న చక్రం కనిపిస్తే దానికి ఒళ్ళు తెలిసేది కాదు. ఏనాడో ఒకనాడు ఆ చక్రం కిందే పోతుందని ఓనరమ్మ బెంగ. అందుకని బండి మీద వచ్చేవాళ్ళందర్నీ గేటు దగ్గర నిలబెట్టి చెప్పేది. "అది ఎనకబడితే ఆపేయండబ్బా. ఆపినారంటే దానికి ఏం చేయాల్నో తెలీదు. పట్టుకున్నాక ఏం చేయాల్నని అది ఎప్పుడూ అనుకోలే." నిజమే. నేను స్కూటర్ ఆపితే కుక్క కూడా ఆగి, చక్రం వైపు, నా వైపు చూసి, పొరపాటున వేరే ఇంటికి వచ్చిన చుట్టంలాగా తల దించుకుని వెళ్ళిపోయేది.

ఒకసారి వడమాలపేటలో ఆవిడ చెల్లెలి మనవరాలికి పుట్టువెంట్రుకలు తీస్తుంటే, నా స్కూటర్ మీద తీసుకుపోయాను. పుత్తూరు రోడ్డెక్కి కొంచెం దూరం పోయామో లేదో, నా వీపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి.

"ఆపు, ఆపు, ఆపు సార్!"

రోడ్డు మధ్యలో ఉడత. ఉడత రోడ్డు దాటడం మీరూ చూసే ఉంటారు. సగం దాకా వస్తుంది. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరుగుతుంది. మరిచిపోయిందేమిటో గుర్తు రాక మళ్ళీ ముందుకొస్తుంది. గద్దను ఏమార్చడానికి ఆ వంకరటింకర పరుగు పనికొస్తుందేమో గాని, బస్సు గద్ద కాదు. బస్సు నేరుగా వస్తుంది.

ఎదురుగా నిజంగానే బస్సు వస్తోంది. నేను కాలు కింద ఆనించే లోపలే ఓనరమ్మ దిగి, రోడ్డు మధ్యకు పోయి, చెయ్యి చాపి నిలబడింది. బస్సు కీచుమని ఆగింది. దాని వెనక లారీ, లారీ వెనక కార్లు ఆగాయి. డ్రైవరు కంగారుగా తల బయటపెట్టాడు.

"ఏమ్మా, ఎవురన్నా పడినారా?"

"లేదబ్బా. ఉడత పోతా ఉండాది."

డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించాడు. "పోయిందా?"

ఓనరమ్మ వంగి చూసింది. "ఇంకా మనసు చేసుకోలే."

ఈలోపల బస్సు కిటికీల్లోంచి తలలు వచ్చాయి. విషయం తెలిశాక ఒక్కరూ విసుక్కోలేదు సరిగదా, తలా ఒక సలహా చెప్పడం మొదలుపెట్టారు. కుడిపక్కవాళ్ళు "ఇట్లా రా, ఇట్లా రా" అంటే, ఎడమపక్కవాళ్ళు "ఆడ పొదలుండాయి, అట్లా పో" అన్నారు. ఉడత అందరి మాటా విని, తోక రెండుసార్లు ఎగరేసి, ఎటునుంచి వచ్చిందో అటే వెళ్ళిపోయింది.

ఓనరమ్మ నుదురు కొట్టుకుంది. "ఇంతమందిని నిలబెట్టి, ఎనక్కే పోతివా!" తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "ఏమనుకోవద్దు నాయనా," అంది.

"ఏముండాది లేమ్మా. మావోడూ ఇంతే. ఇంటర్ అయిపోయింది, ఏం సదవాల్నో ఇంకా తేల్చుకోలే," అని డ్రైవరు గేరు మార్చాడు.

ఇక పిచ్చుకల సంగతి. మా పడకగదిలో సీలింగు ఫ్యాను కడ్డీకి పైన గిన్నెలాంటి మూత ఉంటుంది కదా, అందులో ఒక జంట గూడు కట్టింది. పిచ్చుకకు గూటికి పోయే దారి తెలుసుగాని, ఆ దారిలో రెక్కలు తిరుగుతున్నాయన్న సంగతి తెలియదు. అది ఏప్రిల్ నెల. ఓనరమ్మ వచ్చి చూసి, సిస్టరు దగ్గర మెడికల్ ప్లాస్టరు తీసుకుని, మా ఫ్యాను స్విచ్‌కు అడ్డంగా రెండు పట్టీలు వేసింది. మాకు చెరొక విసనకర్ర ఇచ్చింది. తిరుపతి ఎండలు తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పనక్కర్లేదు.

ఆ వేడిలోనే చిత్తూరు నుంచి మా మామగారు వచ్చారు. ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకరి మాట వినే అలవాటు లేదు. మధ్యాహ్నం భోంచేసి పడుకోబోతూ ఆ ప్లాస్టరు చూసి, ఇదేమిటని అడిగి, నేను చెప్పింది విని, "పిచ్చుకలకోసం మనుషులు ఉడకాల్నా?" అని ఒక్క లాగు లాగి పీకేశారు. స్విచ్ మీద వేలు పెట్టబోతుండగా గుమ్మంలో తాళాల గుత్తి చప్పుడైంది.

ఓనరమ్మ విసనకర్ర అందుకుని, ఆయన మంచం తలాపున స్టూలు వేసుకుని కూర్చుంది. "పండుకోండన్నా. నేను విసురుతా," అంది.

మామగారు వద్దన్నారు. ఆవిడ పరవాలేదంది. ఆయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. తన ఈడు ఆడమనిషి కూర్చుని విసురుతుంటే ఏ మగవాడికి నిద్ర పడుతుంది? లేచి కూర్చుందామంటే నిద్రపోతున్నట్టు నటించడం అప్పటికే మొదలుపెట్టేశారు. ఆవిడ చెయ్యి మార్చుకుంటూ విసురుతూనే ఉంది. ఆ సాయంత్రం బస్సుకే ఆయన చిత్తూరు వెళ్ళిపోయారు. మెట్లు దిగుతూ నా చెవిలో, "పిల్లలు ఎప్పటికి ఎగురుతాయంట?" అని అడిగారు.

ఇవన్నీ ఒక ఎత్తు, గొర్రెలు ఒక ఎత్తు.

అది కార్తీక మాసం. వాయుగుండం పట్టి కాలేజీలకు సెలవిచ్చారు. రెండు రోజులు ఒకటే వాన. మూడోనాడు మధ్యాహ్నానికి కొంచెం తెరిపిచ్చింది. మా వీధి చివర ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. దాని మీద దాటడానికి సిమెంటు చప్టా. ఎప్పుడూ పాదాలు కూడా తడవని ఆ వంక ఆరోజు చప్టా మీదుగా ఎర్రగా, అడ్డొచ్చినదాన్నల్లా ఈడ్చుకుంటూ పారుతోంది. అదే సమయానికి, కాలనీలోని ఖాళీ స్థలాల్లో మేపుకునే గొర్రెలాయన మంద ఇంటిదారి పట్టింది. ఆయన మాత్రం మందలో లేడు. వెనక ఎక్కడో ఒక గొర్రె ఈనుతుంటే దాని దగ్గర ఆగిపోయాడు.

ముందు ఒక పెద్ద పొట్టేలు నడుస్తోంది. రోజూ పోయే దారి అదే గనక, నేరుగా చప్టా వైపే పోతోంది. దాని వెనక మందంతా తలలు దించుకుని పోతోంది. గొర్రె ముందేముందో చూడదు. ముందున్న గొర్రెను చూస్తుంది.

వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకుంటున్న ఓనరమ్మ ఇది చూసి, చేట పట్టుకునే పరుగెత్తింది. పొట్టేలు ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టబోతుండగా పక్కనుంచి దాని మూతి కింద చేట పెట్టింది. పొట్టేలు నోటినిండా బియ్యం నమిలింది. ఆవిడ మా ఇంటివైపు ఒక అడుగు వెనక్కి వేసింది. పొట్టేలు ఒక అడుగు ముందుకు వేసింది. అలా చేట చూపిస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, మందనంతా మా గేటులోకి తెచ్చింది. నీళ్ళు తగ్గేదాకా ఇంటిముందు నిలబెట్టుకుందామని ఆవిడ ఆలోచన. కానీ ఆ కాస్త స్థలం సగం మందకే నిండిపోయింది. మిగతా సగం తోసుకుంటూ లోపలికి వస్తూనే ఉంది. పోవడానికి వేరే చోటు లేక ఓనరమ్మ మెట్లెక్కింది. పొట్టేలూ ఎక్కింది.

చప్పుడు విని నేను తలుపు తీశాను. ఓనరమ్మ చేటతో వెనక్కి నడుస్తూ నా గుమ్మం ముందునుంచి మిద్దె వైపు పోతోంది. ఆమె ఎదురుగా పొట్టేలు. దాని వెనక కిందిదాకా ఉన్నితో నిండిన మెట్లు.

"సార్, తలుపేసుకోండి!" అని అరిచింది.

అప్పటికే ఒకటి లోపలికి వచ్చేసింది. వంటింట్లోంచి మా ఆవిడ కేక. గొర్రె వంటిల్లు చూసి, పడకగది చూసి, ఇల్లు నచ్చనట్టు బయటికి వచ్చి మళ్ళీ వరుసలో కలిసింది.

మిద్దె మీదికి నేను పోయేసరికి చేట ఖాళీ అయింది. అసలు భయం అప్పుడు మొదలైంది. ఓనరమ్మ పైన ఒక గది వేయాలని ఒకవైపు పిట్టగోడ పడగొట్టించి, వానలవల్ల పని ఆపేసింది. ఆవైపు అడ్డమేమీ లేదు. అవతల పక్కింటివాళ్ళ మునగచెట్టు పచ్చగా ఊగుతోంది. పొట్టేలు దాన్ని చూసింది. చూసి, నడక మొదలుపెట్టింది. మంద కూడా కదిలింది.

"సార్! కొమ్ము పట్టుకో! ఇది దూకితే అన్నీ దూకతాయి!"

ఆవిడ ఒక కొమ్ము, నేనొక కొమ్ము. మేమిద్దరం ఇటు, పొట్టేలు అటు. చెప్పులు జారుతున్నాయి. అంచుకు కొద్ది దూరంలో దాన్ని ఎలాగో నిలబెట్టి, దానికీ మునగచెట్టుకీ మధ్య అడ్డంగా కూర్చున్నాం. పొట్టేలు ఆగితే మంద ఆగింది. కొమ్ములు వదలడానికి లేదు. అలా కూర్చున్నప్పుడు, ఉడతల సంగతి చెప్పే గొంతుతోనే ఆవిడ చెప్పింది.

"మా ఇంటాయన గూడా ఇంతే సార్. నలుగురు యాడ నిలబడితే ఆడికి పోయేవాడు. సందులో కరెంటు తీగ తెగి పడిందని ఒకనాడు అందరూ సూసేదానికి పోయినారు. సంగటి ముందర కూర్చున్నోడు లేచి ఈయనా పోయినాడు. ఎందుకయ్యా అంటే, అందరూ పోతా ఉండారు గదే అన్నాడు." పొట్టేలు నుదుటి మీద తడి బొచ్చును వేళ్ళతో సర్దింది. "అందరూ తిరిగొచ్చినారు."

ఈలోపల పొట్టేలు ఆవిడ చీరకొంగు నమలడం మొదలుపెట్టింది.

"సూడు దీన్ని! మొన్న తీసిన చీర ఇది!" అని దాని మొహం మీద ఒకటి ఇచ్చింది.

అంతలో కింద గొర్రెలాయన వచ్చాడు. చంకలో అప్పుడే పుట్టిన పిల్ల, వెనకాలే దాని తల్లి. ఖాళీ వీధినీ, పారుతున్న వంకనూ చూసి అరిచాడు.

"అమ్మా! నా గొర్రెలు సూసినారా?"

"పైన ఉండాయబ్బా!" అని అరిచింది ఓనరమ్మ.

ఆయన తలెత్తి మబ్బుల్ని చూశాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకోబోయి, చంకలో పిల్ల ఉండడంవల్ల ఒకటే పెట్టుకుని, రోడ్డు మీద కూలబడ్డాడు.

"ఆ పైన కాదయ్యా! మిద్దె పైన!"

ఏడుస్తూ, నవ్వుతూ ఆయన పైకి వచ్చాడు. వచ్చాక తెలిసింది, గొర్రెలు మెట్లు ఎక్కినంత సులువుగా దిగవని. పొట్టేలు మొదటి మెట్టు చూసి నాలుగు కాళ్ళూ పాతేసుకుంది. బియ్యం చూపించాం, రాలేదు. గొర్రెలాయన ముద్దుగా పిలిచాడు, రాలేదు. నేను వెనకనుంచి తోశాను, నేనే జారాను.

సిస్టరు అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. గొర్రెల మధ్యలోంచి ఎలాగో పైకి చేరి, పరిస్థితి చూసి, తన గదిలోంచి దుప్పటి, తువ్వాలు తెచ్చింది. తువ్వాలుతో పొట్టేలు కళ్ళకు కట్టు కట్టింది. దుప్పటి మీద దాన్ని పడుకోబెట్టి, ముందు గొర్రెలాయన, వెనక నేను ఎత్తాం.

"తల ఎత్తులో ఉండాల. సార్, పేషెంటును అట్లా ఊపకూడదు," అని సిస్టరు మెట్టు మెట్టుకూ చెబుతూనే ఉంది. పేషెంటు నా గడ్డాన్ని ఒకసారి తన్నింది.

కింద దింపి కట్టు విప్పగానే పొట్టేలు గట్టిగా అరిచింది. అంతే. మంద మొత్తం ఆ అరుపు మీద మెట్లమీదుగా వానకాలవలా దిగింది. మధ్యలో నిలబడ్డ సిస్టరు "ప్రభువా!" అని గోడకు అతుక్కుపోయింది. అప్పటికి వంకలో నీళ్ళు తగ్గాయి. గొర్రెలన్నీ గేటు దాటి రోడ్డు మీద చేరాయి. గొర్రెలాయన వాటిని చూపులతో తడిమి, "ఒకటి తగ్గింది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఓనరమ్మ కేక.

"సార్! రాండి సార్! వచ్చి సూడండి!"

మేము పరుగెత్తాం. నీళ్ళ ట్యాంకు పక్కన ఒకే ఒక్క గొర్రె, తెల్లది, కదలకుండా నిలబడి ఉంది. ఓనరమ్మ దానిముందు నిలబడి, కాలేజీకి ఫస్టు వచ్చిన పిల్లను చూసినట్టు చూస్తోంది. ఆవిడ మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"అన్నీ పరిగెత్తినాయి సార్. ఇది పోలా! అన్నీ పోతా ఉంటే నేనెందుకు పోవాల్నని నిలబడి ఆలోచన చేసింది. ఒక్కదానికన్నా సొంత బుద్ధి ఉండాది సూడు!"

గొర్రెలాయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"దానికి కండ్లు కనపడవమ్మా. ముందరుండే గొర్రెకు మూతి ఆనించుకునే నడుస్తాది. ఈ తోపులాటలో అది తప్పిపోయినట్టుండాది."

ఆవిడ వంగి, దాని కళ్ళముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు. ఇప్పుడు నుదురు కొట్టుకుంటుందని అనుకున్నాను. కొట్టుకోలేదు.

"అందుకా తల్లీ, నిలబడిపోయినావు?" అంది మెల్లగా.

ఎత్తుకుంటానని గొర్రెలాయన ముందుకొచ్చాడు. ఆవిడ వద్దంది. దానికి వీపు తిప్పి నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి దాని మూతిని తన నడుముకు ఆనించుకుంది. గొర్రె ఒకసారి వాసన చూసింది. ఆవిడ మొదటి మెట్టు దిగింది. అది తడబడి, కాలుతో తడిమి, ఆవిడ వెనకే దిగింది. మేము పక్కకు ఒదిగి దారి ఇచ్చాం. మెట్ల మలుపు దాటాక ఇద్దరూ నాకు కనపడలేదు. మాట మాత్రం వినిపిస్తోంది.

"ఇది మెట్టు... ఇంకో మెట్టు... ఈడ గోడ తగల్తాది, ఇట్లా తిరుగు... భయం లేదు, నేనుండా... ఇంకొక్కటే... అంతేనమ్మా, అయిపోయినాయి. ఇంక నేలే."